నీలిది దాటింది

"నడిసముద్రంలో ఇంజను ఆగిపోతే ఏం చేస్తారు వదినా?"

కెజియా ఈ మాట అనేసరికి ఉదయం తొమ్మిది కూడా కాలేదు. పడవ ఇంకా టీఐ దీవి రేవు వదల్లేదు. బాడు దీవిలో కోళ్ళు తప్ప ఎవరూ తొందరపడటం లేదు.

డుల్సీ అరుగు మీద కొబ్బరి కోరుతోంది. కెజియా భర్తకి అక్క, పక్కింట్లోనే కాపురం. తల ఎత్తకుండానే అంది. "ఆగితే మళ్ళీ లేపుతారు."

"లేవకపోతే?"

"తెడ్డేస్తారు."

"తెడ్డు జారి నీళ్ళలో పడితే?"

"అప్పుడు నీ ప్రార్థనలన్నీ కలిపి కుట్టి తెరచాప ఎత్తుతారు. గంటలో ఇల్లు చేరతారు. మనిషివా, తుఫాను హెచ్చరికవా నువ్వు? పొద్దున్నే మొదలెట్టావ్!"

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. కెజియా కీడెంచడం పూర్తయ్యేసరికి పొద్దుపోయేది, ఇక మేలెంచడానికి తీరికెక్కడిది! ఇవాళైతే కారణం కూడా ఉంది. కూతురు రెబీనా టీఐ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంటూ మూణ్ణెల్ల తర్వాత ఇంటికొస్తోంది. తీసుకొస్తున్నది మేనమామ విల్ఫ్రెడ్, తన నీలి రేకు పడవలో. గట్టిగా రెండు గంటల ప్రయాణం. కెజియా భర్త రొయ్యల వేటకి ఉత్తరపు దిబ్బలకి వెళ్ళాడు. వారం దాకా రాడు, అక్కడ ఫోను పలకదు. భయపడాల్సిన వాటా మొత్తం కెజియా ఒక్కదాని మీదే పడింది.

ఆ వాటాని కొంత మోసేది ఫోన్లో ఉన్న పేజీ. జలసంధి దీవులన్నిటికీ కలిపి అదొక్కటే. పడవ కదిలితే అందులో ఉన్నవాళ్ళు రంగు, మనుషులు, టైము పెడతారు. దారిలో ఉన్న దీవుల్లో ఎవరి కంట బడితే వాళ్ళు "దాటింది" అని పెడతారు. అడిగే పని లేదు, చెప్పే బాధ్యత ఎవరి నెత్తినా లేదు. అరుగు మీద టీ తాగుతున్నవాడు తలెత్తి సముద్రం చూస్తాడు, రెండు మాటలు కొడతాడు, మళ్ళీ టీ తాగుతాడు. అంతే. ఆ రెండు మాటలతో ఇంకో దీవిలో ఓ తల్లి గుండె దాని చోటుకి అది వస్తుంది.

కెజియా ఏడో తరగతితో బడి మానేసింది. ఉత్తరం రాయాలంటే చేతికి చెమట పట్టేది. ఎక్కడ మొదలెట్టాలి, ఎక్కడ ఆపాలి? ఈ పేజీలో ఆ గొడవే లేదు. మొదలెట్టగానే అయిపోతుంది. పడవల కబుర్లే కాదు, "మా డాంపర్ రొట్టె మాడింది" అని ఒకావిడ, "మనవడికి పన్నొచ్చింది" అని ఇంకొకావిడ. కెజియా మాడిన రొట్టెకి కూడా ఎర్రటి గుండె బొమ్మ నొక్కేది. వాళ్ళమ్మ కాలంలో మొగుడు వేటకెళ్తే చీకటి పడేదాకా ఒడ్డున నిలబడేవారు. ఇప్పుడు అన్నం కలుపుతూనే సముద్రమంతా చూసుకోవచ్చు.

కొత్తలో మాత్రం ఆమెకి పొట్టిగా రాయడం చేతనయ్యేది కాదు. "ప్రియమైన సోదర సోదరీమణులారా, మేఘాలు చూస్తే నాకేం బాగాలేదు" అని మొదలెట్టి, మధ్యలో రెండు కీర్తన వచనాలు పెట్టి, చివర అందర్నీ ఇంట్లోనే ఉండమనేది. సిగ్నలు ఆ బరువు మోయలేక సగం దారిలో వదిలేసేది. "కెజియా పోస్టు చదవడం అయ్యేసరికి పడవ వచ్చి, సామాను దిగి, అందరూ నిద్రపోయారు" అని మబుయాగ్ దీవి నుంచి ఎవరో పెడితే నూటపది మంది నవ్వారు. ఆ దెబ్బతో మాటలు కుదించడం నేర్చుకుంది. భయం మాత్రం కుదించుకోలేదు.

తొమ్మిదిన్నరకి ఆటుకి నీళ్ళు బాగా తీసి ఉన్నాయని గవ్వలు ఏరుకురావడానికి దిగింది. గౌను జేబులో ఫోను కిణుక్కుమంది. రెబీనా.

"నీలి పడవ. ఇద్దరం. 9.10. ఇంటికి."

కాసేపటికే హామండ్ దీవి నుంచి ఇంకొకటి: "నీలిది దాటింది. పిల్ల చెయ్యి ఊపింది."

కెజియా గుండె బొమ్మ నొక్కింది. ఆనందం పట్టలేక మళ్ళీ నొక్కింది. రెండోసారి నొక్కితే పోతుందని గుర్తొచ్చి కంగారుగా మూడోసారి నొక్కింది.

ఇక రావాల్సింది కూబిన్ కబురు. కూబిన్ పక్కనున్న మోవా దీవిలో ఊరు, బాడుకి వచ్చే ఏ పడవైనా దాని ముందు నుంచే రావాలి. పదిముప్పావుకి దాటాలి.

పదకొండైంది. "కూబిన్ వాళ్ళూ, నీలిది?" అని పెట్టింది.

"ఇంకా లేదు."

పదకొండున్నరకి మళ్ళీ అడిగింది. "లేదు."

"మీ తమ్ముడు దారిలో వల వేశాడేమో, వాడి బుద్ధి తెలియదా!" అంది డుల్సీ. కానీ పన్నెండుంబావుకి ఆమె కోరాం పక్కన పెట్టింది. రేవులో డుల్సీ కొడుకు ఆమోస్, ఇంకొకతను కలిసి పెట్రోలు డబ్బాలు పడవలోకి ఎక్కించడం మొదలెట్టారు.

పన్నెండూ యాభైకి ఫోను కిణుక్కుమంది.

ఫోటో. రెబీనా బుగ్గ సగం, పడవ నీలి అంచు, వెనక మోవా కొండ. కింద: "కూబిన్ దగ్గరికొచ్చేశాం. అంతా బాగుంది."

"అమ్మయ్య!" అని డుల్సీ గట్టిగా తొడ చరుచుకుంది. "నేను చెప్పలా? పిల్ల నవ్వుతోంది, ఈవిడేమో ఇక్కడ తద్దినం పెట్టేసింది!" రేవులోకి చెయ్యి అడ్డంగా ఊపింది. ఆమోస్ డబ్బాలు దింపేశాడు. ఫోటో కింద గుండెలు పడుతున్నాయి. ఇరవై, ముప్పై, నలభై.

కెజియా అన్నం పొయ్యి మీద పెట్టింది. గుమ్మడికాయ, కర్రపెండలం కొబ్బరిపాలలో వేసింది. గరిటె తిప్పుతూనే, పిల్ల లైఫ్ జాకెట్ పట్టీ బిగించుకుందో లేదో చూద్దామని ఫోటోని వేళ్ళతో పెద్దది చేసింది. పట్టీ కనబడలేదు. ఫోటోని పక్కకి జరిపింది. మోవా కొన దగ్గర ఒంటిబండ కనబడింది.

గరిటె ఆగిపోయింది.

బండ మొదలు దాకా తేలి ఉంది. ఆలుచిప్పలు అతుక్కున్న తెల్లటి అంచు మనిషి నడుమెత్తు బయటికి కనబడుతోంది. దాని మీద ఓ కొంగ తడవని కాళ్ళతో నిలబడి ఉంది.

కెజియా తలెత్తి రేవు వైపు చూసింది. నీళ్ళు పై మెట్టుని తాకుతున్నాయి. పిల్లలు వంతెన మీంచి దూకుతున్నారు. పొద్దున తను గవ్వలేరిన చోట ఇప్పుడు రెండు నిలువుల లోతు.

"వదినా," అంది. "ఈ ఫోటో ఇప్పటిది కాదు."

"పన్నెండూ యాభై అని ఉంటే!"

"అది వచ్చిన టైము. తీసిన టైము కాదు. బండ చూడు. ఇంత పోటు మీద ఆ బండ అంచు కనబడుతుందా? ఇది పదిన్నరప్పటిది. సిగ్నలు లేక ఫోన్లో ఉండిపోయి, ఇప్పుడు ఎక్కడో టవరు తగిలి వచ్చింది."

డుల్సీ ఫోను లాక్కుని చూసింది. పుట్టి బుద్ధెరిగాక డుల్సీ నోట మాట లేకపోవడం కెజియా చూడటం అదే మొదలు. తన భయానికి అడ్డం చెప్పే మనిషే లేకపోయేసరికి కాళ్ళ కింద అరుగు ఉందో లేదో తెలియలేదు.

"ఆపద పెట్టె ఉంటుందిగా," అంది డుల్సీ చివరికి. "దాని మీట నొక్కితే పోలీసులకి తెలుస్తుంది. నొక్కలేదంటే బాగానే..."

మాట మధ్యలో ఆగింది. ఆమె చూపు గోడ మీదకి పోయింది. వానకోటు కింద మేకుకి పసుప్పచ్చ పెట్టె వేలాడుతోంది. మొన్న ఆదివారం బ్యాటరీ మార్పించడానికి విల్ఫ్రెడ్ తన పడవలోంచి తెచ్చి పెట్టిందే. మార్పించారు. తీసుకెళ్ళడం మరిచిపోయాడు. నాలుగు రోజులుగా కెజియా దాని పక్కనుంచే నడుస్తోంది. ప్రపంచంలో జరగని ఆపదలన్నీ ఊహించిన మనిషి, కళ్ళెదుట వేలాడుతున్నదాన్ని చూడలేదు.

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని దాని వైపే చూశారు.

ముందు తేరుకున్నది డుల్సీ. ఒక చేత్తో పోలీసులకి ఫోను చేస్తూ, ఇంకో చేత్తో ఆమోస్‌ని పిలుస్తూ మెట్లు దిగింది. కెజియా రెబీనాకి చేసింది, కలవలేదు. పేజీ తెరిచింది. తన మాట ఎవరు నమ్ముతారు? కెజియా అంటేనే హడలు, అందరికీ నవ్వులాట. "దయచేసి నా మాట వినండి, నేను ఊరికే అనడం లేదు" అని కొట్టింది. చెరిపేసింది. మళ్ళీ కొట్టింది.

"ఫోటో పాతది. పదిన్నరది. బండ చూడండి. పడవ రాలేదు."

ఎవరూ పలకలేదు. పైన ఫోటో కింద గుండెలు మాత్రం పడుతూనే ఉన్నాయి. యాభై ఎనిమిది. అరవై ఒకటి. తన కూతురు ఎక్కడుందో తెలియదు, జనం దానికి గుండెలు పెడుతున్నారు. ఆమెకి ఫోను విసిరికొట్టాలనిపించింది.

అప్పుడు మబుయాగ్ నుంచి ముసలాయన జాబ్, యాభై ఏళ్ళు పడవ నడిపినవాడు: "బండ చూశా. కెజియా చెప్పింది నిజం."

గుండెలు ఆగిపోయాయి.

తర్వాత కబుర్లు ఒక్కసారిగా మొదలయ్యాయి. "కూబిన్. అందర్నీ అడిగాం. ఎవరూ చూడలేదు." "హామండ్. వెనక్కి రాలేదు." "పోటు పడమటికి లాగుతోంది. ఆగ్నేయపు గాలి కూడా అటే." ఎవరి దగ్గర ఎంత ఉంటే అంత పెడుతున్నారు, ఒక్క మాట ఎక్కువ లేదు. కెజియా ఒక్కోటి చదివి రేవులోకి అరుస్తోంది. ఆమోస్ పడవలో నిలబడి ఎటు తిప్పాలా అని వింటున్నాడు.

ఒంటిగంటా పదికి ఇంకొకటి వచ్చింది. రొయ్యల వేట నుంచి అప్పుడే మబుయాగ్ చేరిన కుర్రాడిది.

"11.30. బాడుకి పడమర. నీలిది నిలబడి ఉంది. చేపలు పడుతున్నారనుకున్నాం. చెయ్యి ఊపారు. మేమూ ఊపాం."

కెజియా అది బయటికి చదవలేకపోయింది. చెయ్యి ఊపారు. మేమూ ఊపాం. పిల్ల రమ్మని చెయ్యి ఊపితే వాళ్ళు పలకరింపనుకున్నారు. నవ్వుతూ వెళ్ళిపోయారు. తనైనా అంతే చేసేది. ఎదురుపడ్డ పడవకి చెయ్యి ఊపని మనిషి ఈ దీవుల్లో పుట్టలేదు.

డుల్సీ ఫోను లాక్కుని చదివింది. "అప్పుడే ఆ రెండు మాటలు ఇక్కడ కొట్టి చావచ్చుగా వెధవ!" అని అరిచి, రేవు వైపు తిరిగి, "పడమర! కొండ వెనక పడమర!" అంది. ఆ గొంతులో ఎగతాళి పోయి ఏడుపు దిగింది.

కొండ వెనక పడమరలో ఇక నేల లేదు. ఎంత దూరం పోయినా నీళ్ళే.

బాడు నుంచి మూడు పడవలు కదిలాయి. "బాడు. మూడు. 1.20." మబుయాగ్ నుంచి రెండు. టీఐ నుంచి హెలికాప్టరు లేచిందని పోలీసులు చెప్పారు. పొయ్యి మీద అన్నం అడుగంటి వాసనేస్తుంటే ఎవరో వచ్చి దించారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అరుగంతా నిండారు. ఎవరూ "ఏం కాదులే" అనలేదు. అందుకు కెజియా మనసులోనే వాళ్ళకి దణ్ణం పెట్టుకుంది.

రెండున్నర. "ఇంకా లేదు." మూడు. "గాలి పెరిగింది. చూస్తున్నాం."

మూడూ నలభైకి ఆమోస్ నుంచి కబురు వచ్చింది.

"నీలిది దొరికింది."

అరుగు మీద ఎవరో "దేవుడా!" అన్నారు. ఎవరో చప్పట్లు మొదలెట్టబోయి ఆపేశారు. కెజియా ఆ రెండు మాటల్ని మళ్ళీ చదివింది. ఇంకా కింద ఏమైనా ఉందేమోనని తెర జరిపింది. ఏం లేదు.

దొరికింది పడవ. అందులో ఎవరున్నారు?

డుల్సీ కూడా అదే చూస్తోంది. ఆమె చెయ్యి వచ్చి కెజియా మణికట్టుని నొప్పి పుట్టేలా పట్టుకుంది.

కెజియా ఒక్క మాట కొట్టింది. "ఎంతమంది?"

జవాబు లేదు. ఆమోస్‌కి ఫోను చేస్తే కలవలేదు. రెండో పడవకి చేశారు, అదీ కలవలేదు. సిగ్నలు పోయిందన్నారు ఎవరో. కావచ్చు. రాయడానికి చేతులు రావడం లేదేమో, ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నారేమో. అదీ కావచ్చు. పేజీలో వందల మంది ఉన్నారు, వాళ్ళందరూ ఆ ఒక్క మాటనే చూస్తున్నారని కెజియాకి తెలుసు. ఎవరూ ఒక్క అక్షరం పెట్టలేదు. ఒక్క గుండె పెట్టలేదు. రొట్టెలూ పళ్ళూ పెట్టేవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టారు. అంత పెద్ద సముద్రం మీద ఆ "ఎంతమంది" ఒక్కటే ఉంది.

కెజియా ప్రార్థన చెయ్యాలనుకుంది. ఒక్క వచనమూ గుర్తు రాలేదు. రెబీనా చిన్నప్పుడు ఊయల్లో ఎంతకీ కదలకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది తను. ఇప్పుడు ఫోను మీద బొటనవేలు అలాగే ఆనించి ఉంచింది. తెర ఆరిపోబోతే తట్టి వెలిగిస్తోంది.

నాలుగైంది. నాలుగుంబావు.

ఆమోస్ పేరు మీద మూడు చుక్కలు కదిలాయి. ఆగిపోయాయి. మళ్ళీ కదిలాయి.

"అమ్మా, నా ఫోను ఆరిపోయింది, ఆమోస్ ఫోన్లోంచి నేను రెబీనాని. ఇద్దరం ఉన్నాం. ఇంజను ఆగింది, లేపబోయి మామ చెయ్యి విరిగింది. నీళ్ళు తాగుతున్నాం."