కాలికి కట్టు కట్టిన కుర్చీ

నేను ఒక ప్లాస్టిక్ కుర్చీని. కుర్చీ అనగానే మనుషులు ఎగబడి కొట్టుకునే కుర్చీ ఏదో మీకు గుర్తుకొస్తే తప్పు మీది కాదు. ఆ జాతి వేరు. వాటికి టేకు చెక్క, మెత్తటి దిండు, వీపు మీద తెల్ల తువ్వాలు ఉంటాయి. నాకున్నదల్లా మెరూన్ రంగు, నాలుగు కాళ్లు, వీపు మీద పసుపు పెయింటుతో రాసిన 'శ్రీ ఆదిశేష సప్లయర్స్, చీరాల' అనే అక్షరాలు. ప్రస్తుతం ఆ కాళ్లు కూడా జానెడేసి మాత్రమే ఉన్నాయి. అవి అంత పొట్టివి ఎందుకయ్యాయో చెప్పడానికే ఈ కథ ఎత్తుకున్నాను. మధ్యలో కాస్త సొంత డబ్బా కూడా ఉంటుంది, సర్దుకోండి.

నా పుట్టుకలో ఘనత ఏమీ లేదు. కరిగిన ప్లాస్టిక్‌ను మూసలో పోశారు, చల్లార్చారు, బయటికి లాగారు. అంతా కలిపి నిమిషం పట్టలేదు. ఆ రోజే అదే మూసలోంచి నాలాంటివి వందలు పుట్టాయి. మమ్మల్ని ఒకదాని ఒళ్లో ఒకదాన్ని దొంతర పేర్చి లారీ ఎక్కించారు. చీరాలలో దింపుకున్న మనిషి ఆదిశేషయ్య. షామియానాలు, వంట గిన్నెలు, కుర్చీలు అద్దెకిచ్చే వ్యాపారం ఆయనది. మనిషి కూడా షామియానా అంత ఉంటాడు. మా వీపు మీద తన పేరు తానే కుంచెతో రాసుకున్నాడు. నా మీద రాసేటప్పుడు ఫోనొచ్చింది, అందుకే నా 'సప్లయర్స్' కొంచెం కిందికి జారి ఉంటుంది.

అద్దె కుర్చీగా నేను చూడని మనిషి లేడు. పెళ్లిలో నా మీద కూర్చున్నవాళ్ల చూపు మంటపం మీద కాక భోజనాల గేటు మీద ఉండేది. మీటింగుల్లో వక్త "చివరగా ఒక్క మాట" అనగానే నా మీది బరువు దిగిపోయేది. చావింట్లో గంటసేపు కదలకుండా కూర్చున్న పెద్దమనుషులు, లేచేటప్పుడు మాత్రం నా చేతుల మీద బరువంతా మోపి "అమ్మా" అనేవారు. పోయినవారి కోసం అనుకునేదాన్ని. మోకాళ్ల కోసమని తర్వాత తెలిసింది.

ఒక పెళ్లిలో తలంబ్రాలు సరిగ్గా పడాలని వీడియో ఆయన నా మీదికి ఎక్కి నిలబడ్డాడు. నా వెనక ఎడమ కాలు నిలువునా చీలింది. ఆదిశేషయ్య చీలికను వేడి ఇనుముతో అతికించి, పైన బైండింగ్ వైరు ఆరు చుట్లు చుట్టాడు. ఆ తర్వాత నన్ను ఎప్పుడూ ఆఖరి వరసలో గోడకు ఆనించి వేసేవాడు. సప్లయర్స్ వృత్తిలో అదొక శాస్త్రం. కుర్చీకి ముందుభాగమే ముఖం. వెనక్కి వెళ్లి చూసే పని ఎవరికీ ఉండదు, కాబట్టి దెబ్బతిన్నవన్నీ వీపు గోడకు పెట్టి కాలం గడిపేస్తాయి. నేనూ అలాగే పరువుగా బతికాను.

ఇంతలో మా పేట కమ్యూనిటీ హాలులో కుసుమకుమారి గారు పెద్దవాళ్ల కోసం ఆరోగ్యం క్లాసు మొదలుపెట్టారు. ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫయ్యేళ్లు డ్రిల్లు టీచరు. రిటైరయ్యాక కుర్చీ ఆధారంగా చేసే నిదానపు వ్యాయామం, ఊపిరి, తిండి, నిద్ర, వీటన్నిటి మీదా శిక్షణ తీసుకుని వచ్చారు. గేటుకు ఫ్లెక్సీ కట్టారు. ఇరవై కుర్చీలు కావాలని అడిగితే ఆదిశేషయ్య గుండె మీద చెయ్యేసుకుని, "ఊరికే ఇస్తానమ్మా, మళ్లీ ఇయ్యక్కర్లా" అన్నాడు. గోడౌనులోకి వెళ్లి ఇరవై ఏరాడు. ఇచ్చేసే వాటిని మనుషులు ఎలా ఏరతారో మీకు తెలుసు. మొదట నన్నే తీశాడు.

మొదటిరోజు ఏం జరిగిందంటే, ఆదిశేషయ్య చేతులు అలవాటు కొద్దీ మమ్మల్ని వరసలు కట్టి, ఎదురుగా ఒక బల్ల వేసి, దాని మీద మంచినీళ్ల సీసా పెట్టాయి. వచ్చినవాళ్లందరూ వరసల్లో కూర్చుని వేదిక వైపు చూశారు. సప్లయర్స్ కుర్చీ కనబడితే మా వాళ్లకు మీటింగే గుర్తుకొస్తుంది. ఒకాయన ఇంటికి పరిగెత్తి శాలువా తెచ్చాడు. ఇంకొకాయన అధ్యక్షత వహించాడు. కుసుమకుమారి గారు నోరు తెరిచేలోపు మెళ్లో దండ పడింది. ముగ్గురు ఆవిడ సేవల్ని కొనియాడారు, నాలుగో ఆయన వందన సమర్పణ చేశాడు, అందరూ చప్పట్లు కొట్టి ఇళ్లకు వెళ్లిపోయారు. వ్యాయామం అంటూ జరిగిందంటే ఆ చప్పట్లే.

రెండోరోజు ఆవిడ ఈల తెచ్చారు. మమ్మల్ని గుండ్రంగా వేయించారు. "మెల్లగా చెయ్యాలి!" అని హాలు అదిరేలా అరిచారు. "నొప్పి వస్తే ఆగాల. నొప్పి రాకముందే ఆగితే మాత్రం ఊరుకోను." తర్వాత ఒక్కొక్కరినీ ఏం కావాలని అడిగారు. షుగరు తగ్గాలన్నారు, నిద్ర పట్టాలన్నారు. పచ్చళ్లు తగ్గిద్దామని ఆవిడ అనగానే మాత్రం హాల్లో చావింట్లో కన్నా ఎక్కువ మౌనం పాటించారు.

నా మీద కూర్చున్నాయన పేరు నాగుల్ మీరా. టైలరు. నలభయ్యేళ్లు మిషను తొక్కిన మోకాళ్లు ఆయనవి.

"సజ్దా చెయ్యాలమ్మా," అన్నాడు ఆయన. "నమాజులో నుదురు నేలకి ఆనిచ్చి నాలుగేళ్లయింది. మసీదులో వరస చివర్న నాకు కుర్చీ వేస్తన్నారు. కూర్చుని తల వంచినా అల్లా ఒప్పుకుంటాడు, అది నాకు తెలుసు. నాకే తృప్తి లేదు. ఈ రంజాన్ పండగ నమాజు ఈద్గాలో నేల మీద చెయ్యాల."

"డాక్టరు గారినడిగారా?"

"అడిగా. ప్రయత్నం చెయ్యమన్నాడు. ఆశ పెట్టుకోవద్దన్నాడు."

"పండగెప్పుడు?"

"ఐదు నెలలుందమ్మా."

"చాలు, రేపట్నించి టయానికి రండి," అన్నారు కుసుమకుమారి గారు.

ఆ రోజు నుంచి ఆయన నన్ను వదల్లేదు. టైలరు కదా, వేళ్లకు అన్నీ తెలుస్తాయి. రెండోరోజే నా కాలి మీద వైరు మొన తగిలింది. "ఇదేందిరా శేషయ్యా?" అని అడిగితే, "ఆ కట్టు ఏనుగెక్కినా ఊడదులే మీరా," అన్నాడు ఆదిశేషయ్య. ఆయన కూడా ఆ క్లాసులోనే చేరాడు, ఒక్క కుర్చీ చాలక రెండు కలిపి వేసుకుని. నాగుల్ మీరా నమ్మాడు. ఎవరి చీరకైనా వైరు పట్టుకుంటుందని మర్నాడు జేబులోంచి ఎర్ర గుడ్డముక్క తీసి, నా కాలికి నీటుగా చుట్టి కుట్టేశాడు. అంతవరకు నాకెవరూ ఏదీ కుట్టలేదు. ఆ ఎర్రగుడ్డ చూసుకుని నేను మిగతా పందొమ్మిదింటితో మాట్లాడటం మానేశాను.

చేతులు ఆన్చకుండా నా మీంచి లేవడం ఆయనకు నెల పట్టింది. మడమలెత్తడం, పాదాలు తిప్పడం, అరచెయ్యి పొట్ట మీద పెట్టుకుని ఊపిరి గమనించడం, అన్నీ శ్రద్ధగా చేశాడు. మూడో నెలకు నా వెనక నిలబడి, నా వీపు పట్టుకుని, కిందికి వంగడం మొదలుపెట్టాడు. మోకాళ్లు నేలకు జానెడు దూరం దాకా తెచ్చేవాడు. అక్కడ ఆగిపోయేవాడు. నెల గడిచింది. రంజాన్ మాసం వచ్చింది, రోజాలు మొదలయ్యాయి. ఉపవాసంతో ఎక్కువ చెయ్యొద్దని టీచరు గారు మిగతావన్నీ తగ్గించి, ఇదొక్కటే ఉంచారు. ఆ జానెడూ మాత్రం తగ్గలేదు.

"మోకాలు కాదు మీరా గారూ, భయం," అన్నారావిడ ఒకరోజు.

"భయమేనమ్మా," ఒప్పుకున్నాడు ఆయన. "దిగితే లేవలేనేమోనని. అంతమందీ సజ్దా నుంచి లేచి నిలబడ్డాక, నేనొక్కణ్ణే కింద ఉండిపోతే? నలుగురొచ్చి రెక్కలు పట్టుకుని లేపితే? అంతకంటే కుర్చీ నయం కదా."

ఇక్కడ నా గురించి ఒక నిజం చెప్పాలి. ఆ మాట విని నాకు జాలి కలగలేదు, సంతోషం కలిగింది. కుర్చీ నయం అన్నాడు కదా! నేను లేకపోతే ఈయన ఏమైపోతాడో అనుకున్నాను. ఆయన చేతులు రోజూ నా వీపును గట్టిగా పట్టుకుంటే అది ప్రేమే అనుకున్నాను. ఒక మనిషి ఐదు నెలలు చెమటోడ్చేది నన్ను వదిలించుకోవడానికేనన్న చిన్న సంగతి నా ప్లాస్టిక్ బుర్రకు ఎక్కలేదు. పైపెచ్చు గురువునన్న భావం కూడా వచ్చేసింది. ఈల ఒక్కటే తక్కువ.

పండగ ఇంకా పది రోజులుందనగా ఒక ఉదయం ఆయన ఎప్పటిలా నా వెనక నిలబడి వంగాడు. జానెడు దూరంలో ఎప్పటిలా ఆగాడు. బరువంతా నా వెనక కాళ్ల మీద ఉంది. ఆఖరి వరసలో గోడకు ఆని బతికే కుర్చీ వెనక నిలబడి బరువు వేసే మనుషులుంటారన్న సంగతి ఆదిశేషయ్య శాస్త్రంలో లేదు. ఎర్రగుడ్డ లోపల వైరు సడలింది. ఫట్‌మని కాలు సగానికి విరిగింది. నేను ఒక పక్కకు ఒరిగిపోయాను.

హాల్లో అందరూ ఒక్కసారి అరిచారు. కుసుమకుమారి గారి నోట్లో ఈల దానంతటదే మోగింది. నేను నేల మీద పడి కళ్లు మూసుకున్నానని చెబుదామనుకున్నాను గానీ నాకు కళ్లు లేవు, అంతా చూడక తప్పలేదు. నాగుల్ మీరా కూలిపోలేదు. ఐదు నెలలుగా ఆవిడ అరిచి అరిచి నేర్పిన వరస ఆయన ఒంటికి గుర్తుంది. ముందు అరచేతులు జంపఖానా మీద ఆనాయి. తర్వాత ఒక మోకాలు, ఆ తర్వాత రెండోది. మెల్లగానే దిగాడు.

ఆదిశేషయ్య తన రెండు కుర్చీలూ తోసేసి పరిగెత్తుకొచ్చాడు. నలుగురు రెక్కలు పట్టుకోబోయారు.

"ఉండండి. నన్ను లేపబాకండి," అన్నాడు నాగుల్ మీరా.

అందరూ ఆగారు. ఆయన కాసేపు నేలను చూశాడు. నాలుగేళ్లుగా నిలబడి చూసిన నేల ఇప్పుడు ముఖం ముందుంది. చేతుల మధ్య నుదురు ఆనించాడు. పెదవులు కదిలాయి. ఎంతసేపున్నాడో నేను చెప్పలేను. తర్వాత తలెత్తి, ఒక పాదం ముందుకు తెచ్చి, తన తొడ మీద తన చెయ్యే ఆన్చి లేచాడు. మధ్యలో ఒకసారి ఊగాడు. కుసుమకుమారి గారి చెయ్యి ముందుకు వెళ్లి, తాకకుండా అక్కడే ఆగింది. ఆయన నిలబడ్డాడు.

ఆదిశేషయ్య ఏడుస్తున్నాడు. "తప్పు నాదే మీరా. అది ఇరిగిన కాలని తెలిసే ఇచ్చా. ఎనకమాల ఎవరు చూస్తార్లే అనుకున్నా. నీకేమన్నా అయ్యుంటే ఇంట్లో బీబీ గారికి నేను మొహం ఎట్టా చూపిచ్చేవాణ్ణి?"

"ఊరుకోవయ్యా," అన్నాడు నాగుల్ మీరా, మోకాళ్లు నిమురుకుంటూ. "నువ్వు మంచి కుర్చీ ఇచ్చుంటే నేను ఇంకా పట్టుకునే ఉండేవాణ్ణి."

అందరూ నవ్వారు. ఆదిశేషయ్య కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు. నాకొక్కదానికే నవ్వు రాలేదు. గురువుగా నేను చేసిన ఒకే ఒక మంచిపని విరగడమని తేలాక ఎవరికైనా కాస్త టైం పడుతుంది.

మర్నాడు ఆదిశేషయ్య ఇరవై కొత్త కుర్చీలు తెచ్చి పాతవి తీసుకెళ్లాడు. నన్ను కూడా వేసుకుపోబోతే నాగుల్ మీరా అడ్డం వచ్చాడు. కుసుమకుమారి గారు రంపం తెప్పించారు. విరిగిన కాలు ఎంత మిగిలిందో అంతకు మిగతా మూడూ సమానంగా కోయించి, అంచులు గరుకు కాగితంతో రుద్దించారు. నేల మీదికి దిగడం నేర్చుకునేవాళ్లకు మధ్యలో ఒక మెట్టు కావాలట. అలా నాకు ప్రమోషన్ వచ్చింది, కిందికి. ఆ పది రోజులూ నాగుల్ మీరా నా పక్కనే దిగాడు, లేచాడు. నన్ను తాకలేదు. మొదట్లో కష్టంగా ఉండేది. తర్వాత ఆయన లేచిన ప్రతిసారీ నేనూ లోపల్లోపల లెక్కపెట్టాను.

పండగ రోజు క్లాసు ఏడింటికే అయిపోయినా ఎవరూ ఇళ్లకు వెళ్లలేదు. ఆదిశేషయ్య గేటు దాకా వెళ్లి వస్తున్నాడు, మళ్లీ వెళ్తున్నాడు. తొమ్మిది దాటాక నాగుల్ మీరా వచ్చాడు. తన చేత్తో కుట్టుకున్న తెల్ల కుర్తా, తలమీద టోపీ, చేతిలో సేమ్యా ఉన్న టిఫిన్ క్యారియరు. నమాజు నేల మీదే చేశావా అని అందరూ అడగటానికి భయపడ్డారు.

ఆయన క్యారియరు నా మీద పెట్టాడు. ఆ బరువు నాకు చాలనిపించింది.

కుసుమకుమారి గారు దగ్గరికొచ్చి ముఖంలోకి చూశారు. "చాపలు చాల్లేదా మీరా గారూ? నుదుటికి మట్టంటింది," అని కొంగు ఎత్తబోయారు.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఉండనియ్యండి టీచరమ్మా," అన్నాడు. "నాలుగేళ్లయింది."