నలభై అడుగులు

వేడెక్కిన సైలెన్సరు మీద వానచినుకు పడితే — స్స్.

అంత చిన్న చప్పుడు.

ఆ రోజంతా ఆ చప్పుడు వింటూనే తిరిగాం. చినుకు పడేది. స్స్. ఎండ వచ్చేది. మళ్ళీ చినుకు...

పెళ్ళయి అప్పటికి డెబ్బై రోజులు. అందులో ఇరవయ్యారు రోజులు ఆషాఢమే తినేసింది.

కొత్త కోడలు ఆషాఢంలో అత్తవారింట ఉండకూడదు. అందుకని నేను యానాంలో, అమ్మ దగ్గర. అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు. దాటితే అత్తగారి ప్రాణానికి మంచిది కాదంటారు. అందుకని ఆయన ద్రాక్షారామంలో, వాళ్ళమ్మ దగ్గర.

బి.ఎస్సీ. బోటనీ చదివినదాన్ని. నాకు నవ్వొచ్చింది.

నవ్వుతూనే పెట్టె సర్దుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున్న వీధి చివర బండి చప్పుడు. మా ఆయన, ఉమామహేశ్వరం. మా గుమ్మం ముందుకు రాలేదు. లూయిస్ తాత అరుగు దగ్గర ఆగిపోయారు.

మా గేటు నుంచి ఆ అరుగుకు నలభై అడుగులు. పరుగెత్తితే ఇరవయ్యారే.

లూయిస్ తాత ఫ్రెంచి పెన్షను మీదా, చుట్ట మీదా బతికే మనిషి. వీధంతా వినపడేలా అరిచాడు.

"ఆయ్! ఆషాఢం దొంగ దిగాడండోయ్!"

"మెల్లిగా తాతగారూ, మా అత్తగారు వింటారు."

"వింటే వినీండి. మా వాళ్ళకి ఆషాఢం లేదు అల్లుడుగారూ. మా గడప ఎన్నిసార్లు తొక్కినా ఎవరికీ ఏం కాదు. రండి, కాఫీ తాగుదురుగాని."

"కాఫీ వద్దు. మా ఆవిణ్ణి ఇప్పించండి, చాలు."

కిటికీలోంచి అమ్మ నవ్వు వినపడింది. నేను చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తాను.

కనకాలపేట దాటాం. ఊరు అయిపోయింది. రోడ్డు సన్నబడింది. సన్నబడి, ఎర్రబడి, చివరికి మట్టయిపోయింది.

ఎక్కడికని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

ఎండ.

గౌతమి ఎర్రగా ఉంది. పైన ఎక్కడో వానలు. కొత్తనీరు వచ్చేసింది. నిన్నటి గోరింటాకుకి నా చేతులు కూడా ఎర్రగానే ఉన్నాయి. "ఏటికి నువ్వు పెట్టావా, నీకు ఏరు పెట్టిందా?" అన్నారాయన. గాలికి సగం మాట ఎగిరిపోయింది. మిగతా సగం ఆయన వీపుకి చెవి ఆనించి విన్నాను.

చినుకు. స్స్.

దరియాలతిప్ప దారిలో ఎవరూ లేని చోట బండి ఆపించి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, మగవాళ్ళలా రెండువైపులా కాళ్ళు వేసి కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి! చేపలు ఎండబెడుతున్న ముసలావిడ ఒకామె చూసి నోరు నొక్కుకుంది. నేను చెయ్యి ఊపాను. ఆవిడా ఊపింది.

ఇంత సంతోషానికి ఎవరి అనుమతీ అక్కర్లేదా అని ఆశ్చర్యపోయాను.

మడచెట్ల దగ్గర కాసేపు దిగాం. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు, వేలకు వేలు. నా చదువంతా అక్కడ ఒలకబోశాను. కింద బురదలో గాలి ఆడదండీ, అందుకని వేళ్ళే పైకొచ్చి ఊపిరి పీలుస్తాయి, అన్నాను.

ఆయన ఒక వేరు పక్కన గొంతుకూర్చుని, "ఏమ్మా, ఊపిరి ఆడుతోందా?" అని అడిగారు.

నవ్వి నవ్వి నాకు ఊపిరాడలేదు.

పెద్ద వాన. తాటాకుల పాక కిందకి పరుగు. పాకలో వీరవేణి అనే ఆమె కుంపటి మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తోంది. మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"కొత్తోళ్ళాండీ?"

"ఆయ్."

"ఆషాడవండీ ఇది. మీకు తెల్దా?"

"మాకు చెప్పకుండా వచ్చేసిందండీ," అన్నారీయన.

"సరిపోయింది! ఇద్దరికీ ఒక్క పొత్తే ఇత్తాను. కొరుక్కోండి."

ఒకే పొత్తు. ఆయనొక వరస, నేనొక వరస. ఉప్పూ కారం నిమ్మరసం. వాన చుట్టూ గోడలు కట్టింది. అంత మంచి ఇల్లు నాకు మళ్ళీ దొరకలేదు.

ఎండ. మళ్ళీ మబ్బు. మళ్ళీ ఎండ...

సాయంత్రం ఐదింటికి తిరిగొచ్చాం. లూయిస్ తాత తలుపుకి తాళం. ఫరంపేటలో కూతురింటికి వెళ్ళాడు. ఖాళీ అరుగు. అరుగు పక్కన బండి, బండి మీద ఆయన.

నలభై అడుగులు నడిచి నేను ఇంట్లోకి వచ్చాను.

అమ్మ గడప లోపల నిలబడి ఆకాశం చూస్తోంది. గౌతమి మీద మబ్బు... కాటుకలా.

"అమ్మలూ, అబ్బాయిని లోపలికి రమ్మను. ఆ మబ్బు చూడు. ఈ వానలో గట్టు మీద వెళ్ళనిస్తామా?"

"ఆషాఢం కదమ్మా?"

"ఆషాఢమూ లేదు, ఏమీ లేదు. నాకేమవుతుంది, గుండ్రాయిలా ఉన్నాను. నేను రమ్మన్నానని చెప్పు. వెళ్ళు."

నలభై అడుగులు. ఈసారి పరుగెత్తలేదు.

నడుస్తూ ఆలోచించాను. లోపలికి వస్తే కుర్చీ వేస్తారు. నాన్న ఎదురుగా కూర్చుని కాలవ నీళ్ళ గురించి మాట్లాడతారు. అమ్మ పళ్ళెంలో పకోడీలు పంపిస్తుంది. నేను వంటింటి తలుపు దగ్గర.

లోపలికి వస్తే అల్లుడైపోతారు. బయట ఉంటే నా మనిషి.

ఇంకో నాలుగు రోజులు ఈ దొంగాట ఉండనీ, అనుకున్నాను. అంతే. అంత చిన్న ఆశ.

"ఏమన్నారు మీ అమ్మగారు?"

"గడప తొక్కితే కాళ్ళిరగ్గొడతారట!"

ఆయన పగలబడి నవ్వారు. "అమ్మో! శ్రావణంలో రెండు కాళ్ళతో వస్తానని చెప్పు."

నా అరచెయ్యి తిప్పి చూశారు. "బాగా పండింది," అన్నారు. బండి తిప్పారు.

ఒక చినుకు. స్స్.

అమ్మతో, "రానన్నారమ్మా," అన్నాను.

ఇంజరం దాటాక కాలవగట్టు మీద ఒక మలుపు. బంకమట్టి. కుండపోత వాన. బండి జారింది.

పొద్దున్న మొదటి బస్సుతో కబురొచ్చింది.

శ్రావణం వచ్చింది.

వీధిలో అందరి గడపలకూ పసుపు పూశారు. మా గడప ఉత్త చెక్క. అమ్మ ఇప్పుడు దాన్ని తొక్కదు. పెరటి దారినే వస్తుంది, పెరటి దారినే వెళ్తుంది. పలకరించడానికి ఎవరొచ్చినా ఒకటే చెబుతుంది.

"నేను రమ్మన్నాను తల్లీ. నా ప్రాణానికి ముప్పని ఆ బాబే రాలేదు. నన్ను బతికించి తను పోయాడు."

వచ్చినవాళ్ళు ఏడుస్తారు. ఎంత మంచివాడమ్మా, అంటారు. లూయిస్ తాత చుట్ట ఆర్పేసి, తాళం వేసి వెళ్ళినందుకు తనని తాను తిట్టుకుంటాడు.

మంచివారే. ఇంకా చాలా మంచివారు. కానీ అమ్మ రమ్మన్న మాట ఆయనకు చేరనే లేదు. నలభై అడుగుల్లో ఎక్కడో నేను పారేశాను.

చెబితే, అమ్మ గుండె మీద బరువు దిగుతుంది.

చెబితే, అమ్మ నన్ను ఏ కళ్ళతో చూస్తుంది?

నా గోళ్ళు పెరుగుతున్నాయి. గోరింటాకు పైకి జరుగుతోంది. కింద తెల్లగా కొత్తగోరు... ఆ ఎరుపు ఆయన చూసిన ఎరుపు. గోళ్ళు కత్తిరించడం మానేశాను.

ఇవాళ మళ్ళీ వాన. అమ్మ పొయ్యి మీద పెనం పెట్టింది. అట్టు పోయబోయి ఆగిపోయింది. నా వైపు తిరగకుండా, పెనం వైపే చూస్తూ అడిగింది.

"అమ్మలూ... నేను రమ్మన్నానని చెప్పినప్పుడు, అబ్బాయి సరిగ్గా ఏమన్నాడే? ఆ మాటే ఒక్కసారి చెప్పు. వినాలనుంది."

మడచెట్టు వేరులా గొంతులో ఏదో పైకి పొడుచుకొస్తోంది. గాలి కోసం.

నాకూ అమ్మకూ మధ్య నాలుగడుగులు.

"అమ్మా..." అన్నాను.

పెంకుల సందులోంచి ఒక చినుకు జారి, కాలుతున్న పెనం మీద పడింది —

స్స్.