పది లక్షల ఒకటి

నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్సులో కోటవురట్ల బస్సు కోసం కూర్చున్న నారాయణమూర్తి మాస్టారికి ఎవరో వంగి నమస్కారం పెట్టారు. తలెత్తి చూస్తే గంగాభవాని. హైస్కూల్లో ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్న కొండ ఊరి పిల్ల. ఇప్పుడు చింతపల్లి దగ్గర బడిలో తనే లెక్కల టీచరు.

"మాస్టారూ, మీ పది లక్షల ఒకటిని మా పిల్లలకిచ్చానండి," అంది పక్కన కూర్చుంటూ.

ఆయన రిటైరై చాలా కాలమైంది. పనిచేసినన్నాళ్లూ ఏటా మొదటిరోజు బోర్డు మీద ఆ సంఖ్యే వేసేవారు. ఒకటి, మధ్యనంతా సున్నాలు, చివర మళ్లీ ఒకటి. ఇది ప్రధాన సంఖ్యా, లేక వేరే దేనితోనైనా నిశ్శేషంగా పోతుందా అని అడిగేవారు. పిల్లలు మూడుతో, ఏడుతో, పదకొండుతో భాగించి భాగించి విసిగిపోయి "ప్రధాన సంఖ్యేనండీ" అనేసేవారు. ఓపిక పట్టినవాళ్లకి నూటొకటి దగ్గర పోయేది. కుర్రతనంలో ఆయనా అలాగే కనుక్కున్నారు.

"నూటొకటి దాకా ఎవరైనా వచ్చారేటి?"

"భాగించకుండానే సెప్పొచ్చండి. సూడండి." ఆయన చేతిలోని పేపరు తీసుకుని అంచున రాసింది. "పది లక్షలంటే వంద ఘనం. ఒకటంటే ఒకటి ఘనం. రెండు ఘనాల కూడిక కదండీ ఇది! మన ఏ ఘనం ప్లస్ బీ ఘనం సూత్రం పెడితే, వందా ఒకటీ కలిపి నూటొకటి, ఇంటూ తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి."

మాస్టారు కళ్లజోడు సర్దుకుని ఆ రెండు వరుసలూ మళ్లీ చదివారు. ఆ సూత్రం ఎన్నిసార్లు బోర్డు మీద రాసుంటారో! ఈ సంఖ్యనూ అదే బోర్డు మీద రాశారు. రెండిటినీ కలిపి చూడాలని ఒక్కనాడూ తట్టలేదు.

"ఎంత సక్కగా సూశావే గంగా! నేను తలుపు బద్దలుకొట్టి లోపలికెళ్లేవోణ్ణి. నువ్వు తాళం తీశావు."

ఆమె సిగ్గుపడి నవ్వింది. కోటవురట్ల బస్సు వచ్చింది, వెళ్లింది. ఆయన లేవలేదు.

"మరి ఆ రెండోది సంగతేటి? ఇంకా విడిపోద్దా?"

"అది సూడలేదండి. దాని వర్గమూలం వందకి లోపే, వంద లోపు ప్రధాన సంఖ్యలతో సూస్తే సాలు కదా." ఇంతలో చింతపల్లి బస్సు వచ్చింది. "యాభై లోపువి మీరు, పైవి నేను. ఘాట్ ఎక్కితే సిగ్నల్ ఉండదు, బేగి సెయ్యండి మాస్టారూ!" అంటూ పరుగెత్తింది.

ఆయన పెన్ను తీశారు. మూడుకి, అయిదుకి, పదకొండుకి ఒక్కొక్కటి మిగిలింది. ఏడుకి మూడు మిగిలింది, పదమూడుకి ఎనిమిది. నలభై ఏడు పూర్తిచేసి తప్పేమైనా దొర్లిందేమోనని సరిచూసుకుంటుండగా ఫోను మోగింది.

"తొంభై ఏడుక్కూడా పోలేదండీ! ఏడు మిగిలింది. మీవి?"

"ఒక్కటీ పోలేదమ్మా!"

"అయితే రెండూ ప్రధాన సంఖ్యలే! పది లక్షల ఒకటిలో ఇంకేటీ లేదు, ఆ రెండే!" ఇంజను హోరులో ఆమె అరుస్తోంది. మాట మధ్యలోనే లైను తెగిపోయింది.

మాస్టారు ఫోను చేతిలో అలాగే పట్టుకుని పక్కనున్న ముసలావిడతో, "నా దగ్గర సదువుకున్న పిల్లేనండీ," అన్నారు.

ఆవిడకేమీ బోధపడలేదు. అయినా ఆయన సంబరం చూసి, "మంచిది బాబూ," అంది.