లేత పచ్చ

మడివాళ మార్కెట్లో నళిని అంగడికి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది, గాలివానకి ఊడి పడితే మళ్ళీ కట్టించలేదు. చుట్టుపక్కల పీజీ హాస్టళ్ళలో ఉండే ఆడపిల్లలందరికీ 'నళినక్క అంగడి' తెలుసు, ఇంకా బోర్డెందుకని ఆమె ధీమా. ధీమాతో బాగుపడినవాళ్ళని ఎవరూ చూడలేదనుకోండి, అది వేరే సంగతి.

అంగడి అత్త లక్ష్మమ్మ పెట్టింది. అత్త రవికె గుడ్డలు అమ్మింది, ఆమె పోయాక నళిని కుర్తాలూ టాపులూ అమ్ముతోంది. భర్తకి జిగణిలో ఫ్యాక్టరీ గేటు దగ్గర డ్యూటీ, గుడ్డల సంగతి ఆయనకి పట్టదు. సాయంత్రం గిరాకీ పలచబడ్డాక కూతురు మేఘన ఫోను తెరిచి, ఆ వారం ఇన్‌స్టాలో జనం దేనికోసం ఊగిపోతున్నారో ఒక్కొక్కటే చూపిస్తుంది. నళిని స్టూలు మీద కూర్చుని తీర్పు చెబుతుంది.

ఆ తీర్పులకి ఒక పద్ధతి ఉంది. పీజీ బకెట్లో ఉతికితే గుడ్డ బతకాలి. సిల్క్‌బోర్డు బస్సులో నిలబడి వెళ్ళినా చిరక్కుండా దిగాలి. ఊరికి వేసుకుపోతే తల్లి తిట్టకుండా ఉండాలి, తిట్టినా కాస్త తక్కువగా తిట్టాలి. నడుము బిగించే కార్సెట్ టాపులు వచ్చినప్పుడు, "ఇది తొడుక్కోని అన్నం ఎట్ల తింటారే?" అని తోసేసింది. ఒంటినిండా రిబ్బను ముళ్ళు వేసిన గౌన్లు వచ్చినప్పుడు, "ఒకటో తరగతికి పోతాండారా?" అంది. ఆరు జేబుల ప్యాంట్లు చూసి, "వీళ్ళ జీతానికి ఒక జేబే ఎక్కువ" అంది.

అవన్నీ ఎదురంగడి హేమంత్‌కుమార్ తెప్పించాడు. అతనికి తీర్పులూ పద్ధతులూ లేవు. సూరత్ నుంచి ప్రతిదీ మూట మూట దించి గుట్ట పోస్తాడు, పోయేది పోతుంది, మిగిలేది మిగులుతుంది. "పరుగెత్తి పాలు తాగేదానికంటే నిలబడి నీళ్ళు తాగేది మేలు" అని నళిని తన అంగట్లో నిలబడే ఉంది. నిలబడ్డ మాట నిజమే. రెండేళ్ళుగా ఆ నీళ్ళు కూడా తగ్గుతూ వస్తున్నాయి.

ఆగస్టులో అంగడి యజమాని మునినారాయణప్ప వచ్చాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది.

"ఐస్‌క్రీం కంపెనీవాళ్ళు అడుగుతాండారమ్మా నళినీ. మా పిల్లోళ్ళు ఇచ్చేయమని పట్టుకోని కూసున్నారు. మీ అత్త మొగం చూసి దీపావళి దాకా ఆపుతా. పండగ బేరం బాగా జరిగి బాడుగ పెంచి ఇస్తే అంగడి నీదే. లేదంటే నన్ను అనొద్దు తల్లీ."

మర్నాడు సాయంత్రం మేఘన ఫోన్లో ఒక రంగు కనబడింది. వదులు చొక్కా, వదులు ప్యాంటు, రెండూ ఒకే రంగు. అప్పుడే చిలికి తీసిన వెన్న రంగు. బటర్ యెల్లో అంటారని, ఈ ఏడాదంతా దానిదేనని మేఘన చెప్పింది. నళిని ఎప్పుడూ కూతురి చేతిలోని ఫోను తాకదు, ఆ రోజు తీసుకుని దగ్గరగా పెట్టుకుంది. చాలాసేపు చూసింది.

"ఇది కొనాల" అంది.

మేఘన నమ్మలేదు. "నిజంగానా అమ్మా?"

"చామనచాయ పిల్లలకి బాగుంటాది. ఆఫీసు పండక్కీ అయితాది, గుడికీ అయితాది. పిచ్చి పోయినాక గుడ్డ మిగలాలే, ఇది మిగులుతాది."

సూరత్ సరుకు జిగేలుమనే పాలిస్టరు, అది వద్దనుకుంది. మంచి మెత్తని గుడ్డకి తనే రంగు వేయించి, జిగణిలో కుట్టేవాళ్ళ దగ్గర కుట్టించాలనుకుంది. ఆ సీజనుకి మిగతా సరుకేదీ తీసుకోలేదు, ఉన్నదంతా దీనిమీదే పెట్టింది. అంగడి చేతికొచ్చిన పదిహేడేళ్ళలో నళిని పరుగెత్తింది అదొక్కసారే.

రంగు వేసే షెడ్డు సొన్నప్పది. అత్త కాలం నుంచీ ఆయనే. ఆయనకి ఫొటోలు పనికిరావు. ఫోన్లో కనబడే రంగు ఫోనుది, గుడ్డది కాదు, నోటితో చెప్పమంటాడు. నోటితో చెబితే వెంట్రుకవాసి తేడా లేకుండా వేసేవాడు. ఉగాది తరువాత ఆయనకి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. ఇప్పుడు షెడ్డు చూసేది కొడుకు శివ, ముప్పై అయిదేళ్ళవాడు, పనిమంతుడు. ఫోను అతనే ఎత్తాడు.

"శివా, ఈసారి లేత పచ్చ అప్పా. బాగా లేతగా, కంటికి చల్లగా ఉండాల."

"తెలిసిందక్కా. లేత పచ్చ. రంగేసి నేరుగా జిగణికి పంపిస్తా."

"ఫొటో కూడా పంపమ్మా" అని మేఘన పక్కనుంచి అంది.

"వాళ్ళు ఫొటో చూసి రంగేసేవాళ్ళు కాదులే" అని నళిని ఫోను పెట్టేసింది. మాట విని రంగేసే మనిషి మంచంలో ఉన్నాడన్న సంగతి ఆ నిమిషాన ఆమెకి తట్టలేదు.

మేఘన 'వస్తోంది' అని వీడియో పెట్టింది. ఇన్నేళ్ళలో మొదటిసారి పిల్లలు ముందుగా వచ్చి సైజులు చెప్పి వెళ్ళారు. నా పేరు రాసుకో అక్కా, మా రూములో నలుగురికి అక్కా. నళిని ఆ రోజుల్లో ఎంత సంతోషంగా ఉందంటే, హేమంత్‌కుమార్‌ని పిలిచి కాఫీ ఇప్పించింది.

దీపావళికి పన్నెండు రోజులుండగా జిగణి నుంచి ఆటోలో మూటలు దిగాయి. మేఘన బ్లేడుతో మొదటి మూట కోసింది. రెండోది కోసింది. మూడోది కూడా కోసింది. కోసినకొద్దీ లేత అరిటాకు రంగు బయటికి వచ్చింది. కుట్టు చక్కగా ఉంది, గుడ్డ వెన్నలాగే మెత్తగా ఉంది. రంగొక్కటే వెన్నది కాదు.

నళిని శివకి ఫోను చేసింది. "పచ్చ అని చెప్పినా కదప్పా!"

"పచ్చే కదక్కా వేసినా?"

"ఇది ఆకు రంగప్పా!"

"అక్కా, ఆకు రంగే కదా పచ్చంటే? నీకు కావాల్సింది యెల్లోనా? మరి పసుపు అని చెప్పాల కదక్కా."

నళిని ఇంట్లో పసుపు అంటే వంటింటి డబ్బాలో ఉండేది. రంగు పేరు పచ్చ. పచ్చ చీర, పచ్చ చేమంతి, కళ్ళకి వచ్చే పచ్చకామెర్లు. చెట్టుది ఆకు రంగు. సొన్నప్ప ఇంట్లోనూ అంతే. కానీ శివ చదివింది కన్నడ బడి, రంగుల పని నేర్చింది తమిళ పనివాళ్ళ పక్కన. వాళ్ళందరికీ పచ్చ అంటే ఆకు. అతను తెలుగులోనే విన్నాడు, తెలుగులోనే సరేనన్నాడు, ఇద్దరూ ఒకే మాట అన్నారు.

"మేఘనా, పచ్చంటే ఏం రంగే?" అంది నళిని.

మేఘన మూటల మధ్య కూర్చుని ఏడుస్తోంది. తల ఎత్తకుండానే, "గ్రీన్ కదమ్మా" అంది.

ఇరవై ఏళ్ళు తన నోటి మాటలే విని పెరిగిన పిల్ల. నళిని స్టూలు మీద కూలబడింది. కోపం వచ్చినా బాగుండేది. తిట్టడానికి మనిషి దొరకలేదు. శివ మంచివాడే. మర్నాడే పరుగెత్తుకొచ్చి, డబ్బు వద్దక్కా, నల్ల రంగులో ముంచి ఇస్తానన్నాడు. ఒక జత ముంచి చూశారు. గుడ్డ నల్లబడింది గానీ కుట్టిన దారానికి రంగు పట్టలేదు, అంచుల వెంట ఆకు రంగు గీతలు అలాగే నిలబడ్డాయి. శివ ఆ జతని చేతిలో పట్టుకుని ఎటు చూడాలో తెలియక నేల చూశాడు.

మేఘన మాత్రం ఊరుకోలేదు. తనే ఒక జత వేసుకుని, దానికి పిస్తా అని కొత్త పేరు పెట్టి, ఇక ముందు నడిచేది ఇదేనని వీడియోలు తీసింది. చూసినవాళ్ళలో సగం మంది మేనత్తలూ వాళ్ళ పిల్లలూ. సైజులు చెప్పి వెళ్ళిన పిల్లలు వచ్చారు, చూశారు, 'బాగుందక్కా, కానీ...' అన్నారు. ఆ 'కానీ' తరువాత ఏముంటుందో నళినికి తెలుసు. ఆమె వాళ్ళని బలవంతం చేయలేదు. ఆమె ఎంచింది సరైనదే, అదే ఆమెని ఎక్కువగా కాల్చింది. సాయంత్రమయ్యేసరికి మార్కెట్టంతా వెన్న రంగు బట్టలున్న సంచులే, హేమంత్‌కుమార్ మూటలు దించుతూనే ఉన్నాడు.

పండక్కి మూడు రోజులుండగా మునినారాయణప్ప ఇద్దరు ఐస్‌క్రీం కంపెనీవాళ్ళని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళు టేపు తీసి అంగడి వెడల్పు కొలుస్తుంటే ఆయన రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. నళిని వాళ్ళకి అడ్డం రాకుండా స్టూలు జరుపుకుంది.

అప్పుడే శ్రీజ వచ్చింది. మదనపల్లి పిల్ల, ఇక్కడ పీజీలో ఉండి బ్రూక్‌ఫీల్డ్‌లో ఉద్యోగానికి పోయి వస్తుంది.

"అక్కా, పచ్చ డ్రెస్సు ఉండాదా? రేపు మా టీములో అందరూ అదే వేసుకొస్తాండారు."

నళిని గుండె ఒక్కసారి ఎగిరింది. ఉండాది తల్లీ అంటూ, కొలిచేవాళ్ళని కూడా పక్కకి జరిపి, మంచి సైజు వెతికి బల్ల మీద పరిచింది.

శ్రీజ దాన్ని చూసి నవ్వింది. "ఇది ఆకు రంగు కదక్కా. నేనడిగింది పచ్చది."

నళినికి కళ్ళు నిండాయి. ఇన్ని రోజుల తరువాత తన మాట తనకి అర్థమయ్యేలా ఒక మనిషి అడిగింది. ఆ మనిషికి ఇవ్వడానికి అంగట్లో ఏమీ లేదు.

"అవును తల్లీ. ఇది పచ్చ కాదు" అని మడిచి పక్కన పెట్టింది. "రా, నేను చూపిస్తా."

శ్రీజని వెంటబెట్టుకుని రోడ్డు దాటి హేమంత్‌కుమార్ అంగట్లోకి వెళ్ళింది. గుట్టలో చేయి పెట్టి ఒకటి లాగింది, కుట్టు తిరగేసి చూసి పారేసింది. రెండోదాని లోపలి అంచు మీద తడివేలు రుద్దింది, రంగు వేలికి అంటింది, అదీ పారేసింది. ఆరోది తీసి వెలుతురులో పట్టుకుంది.

"ఇది తీసుకో. మొదటిసారి ఉప్పునీళ్ళల్లో విడిగా నానబెట్టు. ఎండలో వెయ్యొద్దు."

శ్రీజ దండం పెట్టినంత పని చేసి, డబ్బు కట్టి వెళ్ళిపోయింది. హేమంత్‌కుమార్ అంతసేపూ చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"నళినక్కా, నా అంగట్లో పనికి పెట్టుకున్న పిల్లలెవరూ నెల దాటి నిలబడడం లేదు" అన్నాడు మెల్లగా. "నువ్వు వస్తావా? ఏం తెప్పించాలో నేను చూసుకుంటా. నువ్వు ఏదీ ఎంచే పని లేదు, వచ్చిందాన్ని అమ్మితే చాలు."

రోడ్డుకి అవతల ఐస్‌క్రీం కంపెనీవాళ్ళు టేపు చుట్టేస్తున్నారు. మేఘన మూటల ముందు నిలబడి తల్లి కోసం ఇటే చూస్తోంది.

"పొద్దున ఎన్నింటికి తెరుస్తావప్పా?" అని అడిగింది నళిని.