బాకీపడ్డ తెల్లదారం

కొట్టిన చేతిని గేదె నిజంగా క్షమిస్తుందా అన్న సందేహం ఖంపన్‌ను ఏళ్ల తరబడి వదల్లేదు. నాట్లు పూర్తయ్యాక వాళ్ల వైపు గేదె కొమ్ములకు తెల్లదారం కట్టి, లేతగడ్డి పెట్టి, దున్నేటప్పుడు వేసిన దెబ్బలకు మన్నించమని అడుగుతారు. తన సొంత గేదెకు మాత్రం ఆఖరి ఏడు ఆ మాట చెప్పలేకపోయాడు. పవర్ టిల్లర్ కొనడానికి డబ్బు కావాల్సి వచ్చింది. బేరగాడు నాట్లు కాకముందే వచ్చి దాన్ని తోలుకుపోయాడు. దాని దూడను పక్కూరి సేన్ కొనుక్కున్నాడు.

టిల్లర్‌ను ఊళ్లో ఇనుప దున్న అంటారు. అది కొత్తగా వచ్చిన రోజు బౌద్ధ భిక్షువు వచ్చి, దీవెనగా దానికి తెల్లబొట్లు పెట్టాడు. ఖంపన్ అలవాటు చొప్పున ఏటా దాని హ్యాండిల్‌కే దారం కట్టి మన్నింపు అడిగేవాడు.

"దాన్ని నువ్వెప్పుడు కొట్టావయ్యా? అదే నిన్ను కొడుతోంది," అని భార్య బువాలా వెక్కిరించేది.

ఈసారి వానలు మొదలవగానే దాని ఇంజన్ పగిలింది. ఇక పనికిరాదన్నాడు మెకానిక్. షోరూమ్‌లో కొత్తదాని ధర పాతదానికి రెండింతలకు పైనే ఉంది. పొలం పట్టా తాకట్టు పెడితే ఇవాళే పంపిస్తామన్నాడు సేల్స్‌మేన్.

"ఆలోచించుకో బాబాయ్. కానీ వచ్చే నెల ఇంకా పెరుగుద్ది. పోయిన నెల ఆలోచించుకుంటామన్నోళ్లు ఇప్పుడు నన్ను తిడుతున్నారు."

కిరాయి టిల్లర్లవాళ్లు రేటు పెంచారు, పైగా అతన్ని వరసలో చివరన పెట్టారు. ఇల్లు దాటిన పట్టా మళ్లీ వస్తుందన్న నమ్మకం లేక, ఖంపన్ సేన్ దగ్గరికెళ్లి గేదెను అడిగి తెచ్చుకున్నాడు. అప్పటి దూడే అది. నాగలి ఎరగనిది కావడంతో చాలు తప్పేది. ఖంపన్ కొట్టాడు, దాని తల్లిని కొట్టినట్టే. రెండు మడులు దున్నేసరికి దాని నోట నురగ వచ్చింది. మిగతా పొలమంతా నీళ్లు నిలిచి అలాగే ఉంది.

మర్నాడు బువాలా జిగురన్నం బుట్ట పక్కన పట్టా పెట్టింది.

"బుద్ధుడి ముందు పెట్టి దండం పెట్టుకున్నా. అంతకన్నా నాకేం తోచలేదు," అంది.

ఖంపన్ దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఏటా హ్యాండిల్‌కు కట్టే దారపు ఉండ తీసుకుని గేదె దగ్గరికెళ్లాడు. నాట్లు ఇంకా కాలేదు. అయినా ఈసారి అందాకా ఆగదలచుకోలేదు. కొమ్ములకు దారం చుట్టి, గడ్డిపరకలు చేతపట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నిన్ను కొట్టాను. మీ అమ్మనీ కొట్టాను. మన్నించమని అడక్కుండానే పంపేశాను. ఇద్దరినీ కలిపి ఇప్పుడు అడుగుతున్నాను, తల్లీ."

షోరూమ్‌కెళ్లే బస్సు వచ్చే వేళయిందని బువాలా వాకిట్లోంచి పిలిచింది. గేదె గడ్డి అందుకుంది. అది నమిలి మింగేదాకా ఖంపన్ లేవలేదు.