దుర్భిణి చూసిన గట్టు

నేను ఒక పిరికి యంత్రాన్ని. కాగితాల మీద నా పేరు లెవెల్. పల్లెల్లో మాత్రం అందరూ దుర్భిణి అనేవారు. నేల ఎక్కడ ఎత్తుగా ఉందో, ఎక్కడ పల్లంగా ఉందో చెప్పడం నా పని. నాకు మూడు కర్ర కాళ్ళు, వాటి మీద ఒక ఇత్తడి గొట్టం, గొట్టం నెత్తిన సన్నటి గాజు నాళం ఉన్నాయి. ఆ నాళంలో చిన్న గాలిబుడగ ఒకటి ఉంటుంది. పక్కనుంచి మేక నడిచినా అది వణికిపోతుంది. అది కుదురుగా మధ్యకు వచ్చి నిలబడితే తప్ప నా మాట చెల్లదు. ఎప్పుడు ఎటు జారుతుందో అని పుట్టినప్పటి నుంచీ నాకు ఒకటే బెంగ.

నన్ను కలకత్తాలో ఒక ఇరుకు కార్ఖానాలో తయారు చేశారు. దగ్గుతో బాధపడే ముసలి పనివాడు ఒకడు ఊపిరి బిగబట్టి, ఒక సాలీడు పోగు తీసి నా కంటి లోపల అడ్డంగా అతికించాడు. ఆ పోగునే ఆధారం చేసుకుని తర్వాత ఎందరో పెద్దమనుషులు కాలవలు తవ్వారు, రోడ్లు వేశారు, ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. సాలీడు పేరు ఎవరూ తలచుకోలేదు. నాకు ఇంకో అవలక్షణం కూడా ఉంది. నాలోంచి చూస్తే లోకం తలకిందులుగా కనబడుతుంది. ఆకాశం కింద, నేల పైన. కొత్తగా చూసినవాళ్ళు ఉలిక్కిపడి తమ పంచె సర్దుకునేవారు.

ఇద్దరు ఇంజనీర్ల దగ్గరా, ఒక కంట్రాక్టరు దగ్గరా కాలం వెళ్ళదీశాక, పంతొమ్మిది వందల యాభై ఆరులో అనంతపురం జిల్లాలో భూసంరక్షణ పనికి నన్ను పంపారు. అక్కడ నన్ను అందుకున్నాయన జోగినాథం. రాజమండ్రి వైపు మనిషి. ఇరవై ఏడేళ్ళుంటాయి, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అక్కడి కారం తినలేక రోజూ కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. కానీ మట్టి అంటే ఆయనకు పిచ్చి ప్రేమ. దోసెడు ఎర్రమట్టి చేతిలోకి తీసుకుని, ఇది తయారవడానికి ఎన్ని తరాలు పట్టిందో, ఒక్క గాలివానకు ఎలా కొట్టుకుపోతుందో చెప్పి, ఒక్క రవ్వ కూడా వేళ్ళ సందున జారనీయకుండా మళ్ళీ చేలోనే పోసేవాడు. ఆయనకూ నాలాగే భయమెక్కువ అని నాకు మొదటి రోజే అర్థమైంది. అందుకే ఆయనంటే ఇష్టం కలిగింది.

మేము చేసే పని చెప్తాను. వాలుగా ఉన్న చేలో ఒకే ఎత్తున్న చోట్లన్నీ నేను చూపిస్తాను. అక్కడ వరసగా గూటాలు, అంటే కర్ర మేకులు, పాతుతారు. ఆ గూటాల వెంట మట్టి పోసి మోకాలెత్తు కట్టడం కడతారు. వాన నీళ్ళు పరుగెత్తకుండా దాని వెనక నిలిచి ఇంకుతాయి, మట్టి చేలోనే ఉండిపోతుంది. నేల ఒంపులు తిరుగుతుంది కాబట్టి ఆ వరస కూడా ఒంపులు తిరుగుతుంది. ఎవరి పొలం ఎవరిదో దానికి తెలియదు.

ఎగువరాళ్ళపల్లి చావిడి ముందు జోగినాథం రైతులను కూర్చోబెట్టి ఇదంతా ఓపిగ్గా చెప్పాడు. చివర్లో, మీ పొలాల్లో ప్రభుత్వమే గట్లు వేయిస్తుంది అన్నాడు. అంతే, అక్కడ దగ్గు కూడా వినిపించలేదు. జనం కృతజ్ఞతతో మాటలు రాక కూర్చున్నారని ఆయన అనుకున్నాడు. పాపం, ఆయనకు గట్టు అంటే మట్టి పోగు. ఆ ఊళ్ళో గట్టు అంటే హద్దు. గట్టు జరిగితే మనిషి జరిగినట్టే. గట్టు కోసం తలలు పగిలిన ఇళ్ళు ఆ చావిడి ముందే మూడున్నాయి.

ఆ మూడింటిలో ఒకటి సుంకమ్మది. నలభై దాటిన మనిషి. భర్త పోయి ఏడేళ్ళయింది, ఒక్క కూతుర్ని పెట్టుకుని ఆరెకరాల వాలుచేను చేసుకుంటోంది. ఎగువన ఉన్న చేను ఆమె బావ, అంటే భర్తకు అన్న, గంగన్నది. భర్త పోయిన ఏడే భాగాలు పంచుకున్నప్పుడు హద్దురాళ్ళ దగ్గర గంగన్న రెండు బారలు లోపలికి వచ్చాడని ఆమె కోపం. తలలు పగిలాయి, పంచాయతీ జరిగింది, మాటలు ఆగిపోయాయి. ఆ ఆరెకరాలు తప్ప ఆమెకు ఇంకే ఆధారమూ లేదు.

మాఘమాసంలో ఒక రోజు ఆమె చేలో పదిహేడు గూటాలు పాతాం. వరస తూర్పు మూల నుంచి మొదలై చేను మధ్యగా ఒంపు తిరిగింది. ఆమె చేలో రెండెకరాల దాకా వరసకు అవతల, గంగన్న చేను వైపు పడింది. సుంకమ్మ చేను అంచున గెనిమ మీద నిలబడి ఆ గూటాలనే చూస్తూ ఉంది. మధ్యాహ్నం జోగినాథం, కొలత చైను పట్టే మనిషి ఊళ్ళోకి భోజనానికి వెళ్ళారు. నన్ను గొడుగు నీడన చేలోనే వదిలేశారు. నా కన్ను సరిగ్గా ఆ గూటాల వైపే ఉంది.

వాళ్ళు చేను పక్క వాగు, అదే వంక, దాటగానే ఆమె వచ్చింది. తొమ్మిదో గూటం దగ్గర కూర్చుని రెండు చేతులతో ఊపి పీకింది. తర్వాత పదోది. చివరిదాకా తొమ్మిది గూటాలు, ఒకదాని తర్వాత ఒకటి, కొంగులో వేసుకుని పాత హద్దు వెంట మళ్ళీ పాతింది. నాకు అదంతా తలకిందులుగా కనిపించింది, ఆమె ఆకాశానికి మేకులు కొడుతున్నట్టు. ఆ పాత హద్దు ఏటవాలుగా వంక వైపు దిగుతుంది. దాని వెంట మట్టి పోస్తే అది నీళ్ళను ఆపదు, కాలవలాగా తోలుకుపోతుంది. గంగన్న చేలో పడిన వానంతా ఆ వెంటే వచ్చి కింది మూలన గుద్దుకుంటుంది. అక్కడ తెగితే దాని కింద ఉన్నది ఆమె చేనే. అరుద్దామంటే నాకు నోరు లేదు, పరుగెత్తుదామంటే మూడు కాళ్ళున్నా ఒక్కటీ కదలదు.

జోగినాథం తిరిగొచ్చి గూటాలు లెక్కపెట్టాడు. పదిహేడూ ఉన్నాయి. మనుషులకు లెక్క సరిపోతే చాలు, మనసు కుదుటపడుతుంది. ఒక్కసారి నాలోంచి చూడు నాయనా, ఒక్కసారి, అని నేను లోలోపల బతిమాలుకున్నాను. ఆయన ఎండకు కళ్ళు తిరుగుతున్నాయని నన్ను పెట్టెలో పెట్టి మూత వేశాడు.

ఎండాకాలంలో ఊరివాళ్ళే కూలికి వచ్చి గట్టు పోశారు. అది పాత హద్దు మీదే పడినందుకు అందరికీ సంతోషమే. గంగన్నకు కూడా. గట్టు తన చేలోకి జరిగితే ఆ నేల ఆమె చేతికి పోతుందేమో అని ఆయన భయం ఆయనది. నాలుగు ఊళ్ళ పని నెత్తిన ఉన్న జోగినాథం వచ్చి ఉత్త కళ్ళతో చూసి బాగుందన్నాడు. వాలు నేల మీద కంటిని నమ్మకూడదని శిక్షణలో నేర్చుకున్న మనిషే. నేను పెట్టెలో పడుకుని మబ్బుల చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉండేదాన్ని. ఆ రెండు నెలలూ నేను పడ్డ భయం పగవాళ్ళకు కూడా వద్దు.

మృగశిర కార్తెలో గంగన్న చేలో గూటాలు పాతడానికి వచ్చాం. గంగన్నే కొలకర్ర పట్టుకున్నాడు. మధ్యాహ్నం రెండు దాటాక పడమర నల్లబడింది. అరగంటలో కుండపోత వాన. నన్ను విప్పి పెట్టెలో పెట్టే వ్యవధి లేక గంగన్న తన గొంగడి నా మీద కప్పాడు. గాలికి దాని కొస లేచింది. నా కన్ను కింది మూల వైపు తిరిగి ఉంది. ఎర్రటి నీళ్ళు గట్టు వెంట తోసుకుంటూ వస్తున్నాయి. నాకు తలకిందులుగా కదా, అవి పైకి ఎక్కుతున్నట్టు, కాసేపట్లో నన్నే ముంచేటట్టు కనిపించాయి.

అప్పుడే సుంకమ్మ కనిపించింది. కింది మూలన గట్టు చెమరుస్తోందని చూసి, గంపతో మట్టి ఎత్తి పోస్తోంది. పోసింది పోసినట్టే కరిగిపోతోంది. గంప పారేసి తానే ఆ చోట వీపు ఆనించి కూర్చుంది. జోగినాథం లేచి రమ్మని కేకలు వేశాడు. ఆమె లేవలేదు. గట్టు ఒక్క పెట్టున తెగింది. ఆమె, మట్టి, నీళ్ళు కలిసి వంకలోకి జారిపోయాయి. గంగన్న కొలకర్ర చేత్తో పట్టుకునే దూకాడు. నా కంటికి వాన తప్ప ఇంకేమీ కనబడలేదు. ఎంతసేపో తెలియదు. ఆమె చచ్చిపోయింది, చంపింది నేనే, చూసి ఊరుకున్నాను అనుకున్నాను.

గంగన్న ఆమె జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగాడు. ఏడేళ్ళ తర్వాత ఆమెతో ఆయన అన్న మొదటి మాట, "ఊపిరి తీసుకోమ్మా" అని.

ఆమె చెయ్యి విరిగింది. చేను సంగతి అంతకన్నా ఘోరం. నాలుగెకరాల్లో ఎర్రమట్టంతా పోయి కంకర గరుసు తేలింది. పైఅధికారి వచ్చి చూసి, తప్పు యంత్రానిదా, నీదా అని జోగినాథాన్ని లిఖితపూర్వకంగా సంజాయిషీ అడిగాడు. ఆ మర్నాడు జోగినాథం నన్ను రెండు గూటాల మధ్య నిలబెట్టి పరీక్షించాడు. తర్వాత నన్ను ఒక గూటం పక్కకు జరిపి మళ్ళీ చూశాడు. నాలో వెంట్రుకవాసి తేడా కూడా లేదు. నేను గెలిచినందుకు సంతోషించలేదు. యంత్రం సరిగ్గా ఉంటే ఇక తప్పెవరిదో ఆయనకు తెలిసిపోయింది. నేల మీద చతికిలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

చేతికి కట్టు కట్టుకుని సుంకమ్మ వచ్చింది అప్పుడే. కూర్చోమన్నా కూర్చోలేదు.

"గూటాలు నేనే పీకినా సామీ," అంది. "మీరు గట్టంటిరి. గట్టంటే మాకు హద్దు. నీళ్ళకు కట్ట ఏస్తామని ఒక్క మాట చెప్పింటే నేను ముట్టుకునేదాన్నే గాదు."

జోగినాథం ముఖం మీంచి చేతులు తీశాడు. కట్ట, కట్ట అని తనలో తాను రెండుసార్లు అనుకున్నాడు. సర్కారు గూటాలు పీకినందుకు ఆమె మీద కేసు పెట్టవచ్చు. అలా పెడితే ఆమె చేలో మళ్ళీ పని చేయించే వీలు ఉండదు. మిగిలిన రెండెకరాలు కూడా వచ్చే వానకు పోతాయి. తప్పు తనదని రాస్తే ఉద్యోగం పోతుంది, అప్పుడు కూడా ఆమె చేను అలాగే పడి ఉంటుంది. ఆయన చూపు మెల్లగా నా వైపు తిరిగింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

"ఈ మాట ఇంకెక్కడా అనకమ్మా," అన్నాడు. "తప్పు దీనిదని రాస్తాను. ఇది ఏమీ అనుకోదులే."

ఏమీ అనుకోదట! నా పుట్టుకకే అర్థం లేకుండా చేసే మాట రాసేముందు ఆయన రెండు కాగితాలు చించేశాడు. అంతవరకు నాకు ఊరట. యంత్రం చూపు తప్పింది, అందువల్లే గట్టు తెగింది, రైతుకు ప్రభుత్వ ఖర్చుతో పని మళ్ళీ చేయించాలి అని రాశాడు. పైవాళ్ళు ఒప్పుకున్నారు. కొత్త యంత్రం రావడానికి నాలుగు నెలలు పడుతుందన్నారు. వాన అంతకాలం ఆగదు కదా. అందుకని కాగితం మీద చెడిపోయిన నేనే వెళ్ళి ఆమె చేలో మళ్ళీ వరస చూపించాను. సుంకమ్మ ఒంటి చేత్తో కొలకర్ర పట్టుకుంది. గంగన్న గూటాలు కొట్టాడు. ఈసారి వరస ఎవరి వైపు ఎంత పడిందో ఇద్దరిలో ఎవరూ చూడలేదు. ఆ కట్ట ఆ ఏడు స్వాతి వానలకు నిలబడిందని జోగినాథం ఎవరితోనో చెప్తుండగా విన్నాను.

ఆ తర్వాత నా పెట్టె మీద ఎర్ర రంగుతో "పనికిరాదు" అని రాసి సామాన్ల గదిలో పెట్టారు. జోగినాథం బదిలీ మీద వెళ్తూ వచ్చి పెట్టె మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. ఏళ్ళు గడిచాయి. తుప్పు పట్టిన నాగళ్ళ మధ్య నా పాత భయం పోయి కొత్త భయం పట్టుకుంది. ఒకప్పుడు తప్పు చూపిస్తానేమో అని వణికేదాన్ని. ఇప్పుడు నన్ను ఎవరైనా పరీక్షించి, ఇది సరిగ్గానే ఉందే అంటారేమో అని వణుకుతున్నాను. అది సరిగ్గా ఉంటే తెగిన గట్టు మాటేమిటి అని అడుగుతారు, ఫైలు తీస్తారు, ఏ పెట్టెలోనో ఉన్న సుంకమ్మ పేరు బయటికి వస్తుంది. ఆమె ఉందో లేదో నాకు తెలియదు. కూతురు, కూతురి పిల్లలు ఆ చేను చేసుకుంటూ ఉండవచ్చు.

మొన్న వ్యవసాయ కళాశాల నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. ప్రదర్శనశాల పెడుతున్నారట, పాత వస్తువులు ఏరుకుంటోంది. నన్ను బల్ల మీద నిలబెట్టి, ఓపిగ్గా మరలు తిప్పి, రెండు వైపుల నుంచీ చూసింది. నేను ఎంత కదలాలనుకున్నా కదలలేకపోయాను. ఆమె తల ఎత్తి స్టోరు గుమాస్తాతో, "ఇది సరిగ్గానే ఉందండీ, మరి పనికిరాదని ఎందుకు రాశారు?" అంది.

ఏమో మేడమ్, పాత ఫైలు చూడాలి అన్నాడాయన.

ఇప్పుడు నేను ఆ కళాశాలలో గాజు పెట్టెలో ఉన్నాను. ఆమె రోజూ నా ముందు నుంచి నడిచి వెళ్తుంది. ఆ ఫైలు ఇంకా అడగలేదు.