భవనానికి ఒంట్లో బాగుందా?

రోడ్డుకి అవతలున్న కాంప్లెక్సు గోడ మీద ఇత్తడి పలక వెలిసిన రోజు నుంచీ ఇవతలి కాంప్లెక్సు యజమానికి అన్నం సయించడం మానేసింది. 'ఇది ఆరోగ్యకరమైన భవనం' అని ఉంది ఆ పలక మీద. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చానన్నట్టు, ఆయన బాధ తన భవనానికి ఆరోగ్యం లేదని కాదు, ఎదుటివాడి భవనానికి ఉందని.

ఇవతలిదేమన్నా చిన్నదా? ఆఫీసుల టవర్లు, కాపురాల టవర్లు, మధ్యలో దుకాణాలు, సినిమా హాలు, పిల్లల బడి, ఓ క్లినిక్కు. మనిషన్నవాడు అందులోనే చదువుకుని, అందులోనే ఉద్యోగం వెలగబెట్టి, అందులోనే ఒళ్ళు పాడుచేసుకుని, అందులోనే మందులు మింగొచ్చు. ఇంత లోకానికీ ఒక పలక తెమ్మని యజమాని మేనేజరుని పిలిచి చెప్పాడు. పాల ప్యాకెట్టు తెమ్మన్నంత తేలిగ్గా చెప్పాడు.

మేనేజరు పాపం మంచివాడు. మంచివాళ్ళతో వచ్చిన చిక్కేమిటంటే, చెప్పిన పనికి పదింతలు చేస్తారు. పలక ఇచ్చే సంస్థవాళ్ళు నీళ్ళు చూస్తారు, వెలుతురు చూస్తారు, జనం మెట్లెక్కుతున్నారా లేదా అని కూడా చూస్తారు. అందుకని మనవాడు లిఫ్టుల వేగం తగ్గించాడు. జనం మెట్లెక్కారా? ఎక్కలేదు. లిఫ్టులో నిలబడి తీరిగ్గా కష్టసుఖాలు చెప్పుకున్నారు. ఓ పెళ్ళి సంబంధం కూడా అక్కడే కుదిరిందని వినికిడి. మెట్ల దగ్గర సంగీతం పెట్టిస్తే, క్లినిక్కు నర్సులు ఆ మెట్ల మీదే కూర్చుని క్యారేజీలు విప్పడం మొదలెట్టారు. యజమాని అంతటివాడు ఓ రోజు ఆ నత్త లిఫ్టెక్కి, మీటింగు అయిపోయాక మీటింగుకి చేరాడు.

ఇవన్నీ సర్దుకోవచ్చు. అసలు తంటా గాలి దగ్గర వచ్చింది.

కింది అంతస్తులో, దుకాణాల వరస చివర, మేనేజరు అక్క కాఫీ షాపు ఉంది. అక్కంటే అలాంటిలాంటి అక్క కాదు. అమ్మ పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన అక్క. వాళ్ళ షాపులో వీళ్ళ షాపులో కప్పులు కడిగి, చేతులు నానిపోయేలా కడిగి, చివరికి సొంతంగా ఇది పెట్టుకుంది. కాఫీ గింజలు అక్కడే ఓ ఇనప యంత్రంలో వేయిస్తుంది. వేయిస్తే పొగ రాదా మరి? వస్తుంది. దానికో గొట్టం ఉంది కానీ అది పొట్టిది.

"పొగ కళ్ళెదురుగా కనబడుతుంటే ఇంక వెతకడమెందుకయ్యా?" అన్నాడు యజమాని. "గాలి పరీక్షలో తప్పామంటే ఆ షాపు ఖాళీ చేయించడమే. ఆ చేయించేది కూడా నువ్వే."

మేనేజరు గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. ఆ వెలక్కాయతోనే అక్క దగ్గరికి వెళ్ళాడు.

"నీకేమన్నా మతి పోయిందంట్రా?" అంది అక్క, సంగతి సగం విని. "నా గింజల వాసనకి జనం పరిగెత్తుకొస్తారు గానీ పారిపోతారా?"

"వాసన కాదక్కా, పొగ. గాలి కొలిచే మీటరు పట్టేసుకుంటుంది."

"ఆ మీటర్ని ఇలా రమ్మను. దానికీ ఓ కప్పు పోస్తా."

"నవ్వులాట కాదే అక్కా! షాపు పోతుంది."

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. "పోతుందా?" అంది. అంత చిన్న గొంతు అక్కకి ఉందని మేనేజరుకి ఇన్నాళ్ళూ తెలియదు. అతనికి భయమేసింది. నిజంగా, చిన్నప్పుడు చీకట్లో వేసినంత భయమేసింది.

అక్క వెంటనే తేరుకుంది. "సరే. వాళ్ళొచ్చి వెళ్ళేదాకా యంత్రం వెలిగించను. వేయించి పెట్టిన గింజలతో నెట్టుకొస్తా. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో. పలక కోసమని నువ్వు వేయించబోయే రంగులూ, చల్లించబోయే సెంట్లూ నా గడప తొక్కడానికి వీల్లేదు. వాటి కంపుకి నా కాఫీ చస్తుంది."

అక్కడితో ఆగితే మనవాడు మంచివాడెలా అవుతాడు? తనిఖీ అంటే ఇంటికి చుట్టాలొస్తున్నట్టే కదా అనుకున్నాడు. వరండాలన్నిటికీ కొత్త రంగు వేయించాడు, ఆరోగ్యంగా కనబడాలని లేతాకుపచ్చ. చెక్క తలుపులకి పాలిష్ పట్టించాడు. కొత్త తివాచీలు పరిపించాడు. బయటి దుమ్ము రాకుండా కిటికీలన్నీ బిడాయించాడు. ఆపైన గోడగోడకీ తెల్లటి పెట్టెలు బిగించాడు. అవి ఉండుండి బుస్సుమని కొండగాలి పరిమళం చిమ్ముతాయి. యజమాని గదిలో మాత్రం ఒకటికి రెండు పెట్టెలు, దానికి తోడు ఇంకా ప్లాస్టిక్ కవరు వాసన పోని కొత్త సోఫా. మంచి గాలికి అసలు వాసనే ఉండదన్న ముక్క ఇంతమందిలో ఒక్కరికీ తట్టలేదు.

తనిఖీ చేసే ఆవిడ వచ్చింది. చేతిలో పెట్టెలాంటి మీటరు, ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది.

"బాగా జలుబు చేసిందండీ," అంది చేతిరుమాలు తీస్తూ. "నాకేం వాసనా తెలీదు. ఈ మీటరే నా ముక్కు."

అంత ఖర్చు పెట్టిన కొండగాలి వృథా అయిందని యజమాని మొహం మాడిపోయింది.

గుమ్మంలో అడుగు పెట్టగానే మీటరు కీచుమంది. "చూశారా, ఆ కాఫీ షాపు పొగ ఎంతదాకా పాకిందో!" అన్నాడు యజమాని. పై అంతస్తుకి వెళ్తే ఇంకా గట్టిగా అరిచింది. షాపుకి ఎంత దూరం వెళ్తే అంత గోల పెట్టింది. యజమాని గదిలో అయితే చంటిపిల్ల గుక్కపట్టినట్టు పట్టి ఊరుకోలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చేసింది.

చివరికి అక్క షాపుకి దిగారు. ఆ షాపుకి వీధివైపు ఇంకో తలుపుంది, అది ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. మీటరు గడప దాటి లోపలికొచ్చి నోరు మూసుకుంది. ఆవిడ వరండాలోకి తీసుకెళ్ళింది, కీచుమంది. మళ్ళీ లోపలికి తెచ్చింది, గప్‌చుప్. యజమాని దాన్ని లాక్కుని ఓసారి కుదిపి చూశాడు.

"అందులో వింతేముందండీ?" అన్నాడు. "పొగ పైకి పోతుంది కదా! ఇక్కడ పుట్టి మా నెత్తినెక్కింది."

ఆ మాటకి ఆవిడ కూడా ఓ క్షణం ఆలోచనలో పడింది. "ఈ మీటరుకి గాలి పాడైందో లేదో తెలుస్తుంది గానీ ఎవరు పాడుచేశారో తెలీదు," అంది. "ఈ మధ్య లోపల ఏమన్నా మార్చారా? ఏమీ మార్చలేదంటే, ఈ షాపు పొగ వల్లే అని రాయాల్సొస్తుంది."

"ఏమీ మార్చలేదు," అన్నాడు యజమాని టక్కున. "మాదెప్పుడూ ఇంతే. ఏమయ్యా?"

ఆ 'ఏమయ్యా' మేనేజరుకి. అవునంటే అక్క షాపు పోతుంది, కాదంటే తన ఉద్యోగం పోతుంది. మధ్యలో నిలబడ్డానికి చోటే లేదు. అక్క కౌంటరు వెనక నిలబడి అతని వంక చూడలేదు కూడా. తుడిచిన కప్పునే మళ్ళీ తుడుస్తోంది. తను చూస్తే తమ్ముడు ఇబ్బంది పడతాడని చూడటం లేదు. అది తెలిసేసరికి మేనేజరు గుండె కరిగి నీరైపోయింది.

"మార్చామండీ," అన్నాడు. "మార్చింది నేనే. రంగు నేనే వేయించాను. పాలిష్ నేనే పట్టించాను. ఆ బుస్సుమనే పెట్టెలు కూడా నా తెలివే. కిటికీలు కూడా నేనే మూయించాను. అక్క యంత్రం వెలిగించనే లేదు. కావాలంటే చెయ్యి పెట్టి చూడండి, మంచుగడ్డలా ఉంటుంది."

"అబద్ధం!" అని అరిచాడు యజమాని. "ఈ అక్కాతమ్ముళ్ళు కలిసి నాటకమాడుతున్నారు! రంగా? ఎక్కడుందండీ రంగు?" అంటూ చేత్తో వరండా చూపించడానికి గిర్రున వెనక్కి తిరిగాడు.

ఆయన నల్లకోటు వీపంతా లేతాకుపచ్చ.

షాపులో కాఫీ తాగుతున్నవాళ్ళు ముందు ఊపిరి బిగబట్టారు, తర్వాత ఆపుకోలేకపోయారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే కనీసం భుజాలు తడుముకుంటాడు. ఈయనకి వీపు మీద ఏముందో కూడా తెలీదు.

"అయ్యా," అంది అక్క నెమ్మదిగా, "మీరు ఏ గోడకి ఆనుకున్నారో గానీ, దానికి ఇప్పుడు ఇంకో చెయ్యి రంగు వేయాలి."

తనిఖీ ఆవిడ చీదుకుంటూ తీర్పు చెప్పేసింది. ఈసారికి పలక లేదు. పెట్టెలు పీకేయాలి, కిటికీలు తెరవాలి, రంగు ఆరేదాకా ఆగాలి, మళ్ళీ వచ్చి చూస్తుంది. గదుల్లో మంచి గాలి ఆడేదాకా పైన ఎవరూ కూర్చోకపోవడం మంచిది, తలనొప్పులొస్తాయి. షాపు గొట్టం కాస్త ఎత్తు పెంచితే దాంతో పేచీ లేదు.

"నీ సంగతి తర్వాత చూస్తా," అన్నాడు యజమాని మేనేజరుతో, పచ్చటి వీపు తిప్పుకుని వెళ్ళిపోతూ.

తర్వాత అనే ఆ రోజు రాలేదు. మర్నాడు పొద్దున్నే యజమాని తన గదిలోకి వెళ్ళాడు, తల పట్టుకుని బయటికొచ్చాడు. ఇంకో గదిలోకి వెళ్ళాడు, తుమ్ముకుంటూ వచ్చాడు. అంత కాంప్లెక్సులో ఆయన ముక్కు భరించగల చోటు ఒక్కటే మిగిలింది. ఫైళ్ళు చంకన పెట్టుకుని వచ్చి కాఫీ షాపులో మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. "ఓయ్, ఓ కాఫీ!" అన్నాడు.

"వరసలో రండయ్యా," అంది అక్క.

ఆయన చుట్టూ చూశాడు. ఆయన గుమస్తా, లిఫ్టు ఆపరేటరు, ఇద్దరు నర్సులు వరసలో ఉన్నారు. వెళ్ళి వాళ్ళ వెనక నిలబడ్డాడు.

అలా కొన్నాళ్ళు గడిచాయి. ఓ రోజు గుటక వేస్తూ యజమాని మొహం చిట్లించాడు. "ఇదేంటమ్మా, రుచి తగ్గింది?"

"పాత గింజలండీ. వేయించడం మానేశానుగా, మీ పలక కోసం."

ఆయన కప్పులోకి చూశాడు. "పలక ఎక్కడికి పోతుందమ్మా," అన్నాడు. "రేపటి నుంచి వేయించండి. పొడుగు గొట్టం మేమే పెట్టిస్తాం. మీ తమ్ముడికి చెప్పండి, ఈ సారన్నా ఒక్క గొట్టమే పెట్టమనండి, పది పెట్టేస్తాడు."

అక్క కౌంటరు అంచు పట్టుకుని నిలబడిపోయింది. కళ్ళు నిండాయి, దాచుకోలేదు, ధారలుగా కారనిచ్చింది. పక్కనే నిలబడ్డ తమ్ముడు ఏదైనా అనాలని నోరు తెరిచాడు.

"గుడ్లప్పగించి చూస్తావేంరా?" అంది అక్క, ముక్కు ఎగబీలుస్తూ. "అన్ని కప్పులు పడున్నాయి, కడుగు!"

మేనేజరు చొక్కా చేతులు మడిచి, అక్క షాపులో కప్పులు కడగడం మొదలుపెట్టాడు.